రెండు సున్నాలు: పర్లాకిమిడి నుంచి విశాఖకి నా మామోగ్రామ్ అనుభవం

నేను జాకెట్లు కుడతాను. పర్లాకిమిడిలో మా ఇంటి ముందుగదిలోనే మిషను. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. నాకిప్పుడు నలభై ఎనిమిది. 2025 జనవరి నుంచి మే దాకా నేను పడ్డది ఇక్కడ రాస్తున్నాను. మామోగ్రామ్‌కి, అంటే రొమ్ముకి తీసే ఎక్స్‌రేకి, వెళ్లే ముందు ఎవర్ని అడిగినా "ఏటీ ఉండదు, ఫోటో తీస్తారంతే" అన్నారే తప్ప, అక్కడ ఏం జరుగుతుందో వరసగా చెప్పినవాళ్లు ఒక్కరూ లేకపోయారు.

అంతకుముందు కార్తీకమాసంలో ఒకామె ఆరు పాత జాకెట్లు పట్టుకొచ్చింది. పదేళ్లుగా నా దగ్గరే కుట్టించుకుంటోంది. ఆమె కొలతలు పుస్తకం తియ్యకుండానే చెప్పగలను. లోపలికొచ్చి తలుపు దగ్గరగా వేసి, "అప్పా, ఒకవైపు లోపల దూది పెట్టి కుట్టగలవా?" అంది. టేపు చుట్టబోతే కుడివైపు చదునుగా ఉంది. గడ్డ చేతికి తగిలాక ఏడాదిపాటు ఎవరికీ చెప్పలేదట. పిల్ల పెళ్లి అయిపోవాలని ఆగిందట. ఆమె వెళ్లాక ఆ రాత్రి నేనూ తడిమి చూసుకున్నాను. ఏమీ తగల్లేదు. తగల్లేదు కదా అని ధైర్యం రావాలి. నాకు రాలేదు.

సంక్రాంతి పనులు ఒడ్డెక్కాక జనవరి 20న శ్రీకాకుళంలో ఒక స్కానింగ్ సెంటరుకి వెళ్లాను. పాతపట్నం మీదుగా బస్సు. మా ఆయన మిల్లుకి సెలవు పెట్టి తోడొచ్చాడు. నెలసరి అయిన వారంలో వెళ్తే నొప్పి తక్కువుంటుందని తర్వాత తెలిసింది. నేను సరిగ్గా దానికి ముందు వెళ్లాను. నడుం పైన బట్టలు తీసి నిలబడాలి. ఒక పలక మీద రొమ్ము పెట్టి, పైనుంచి గాజులాంటి ఇంకో పలక దించి గట్టిగా నొక్కుతారు. ఊపిరి బిగబట్టమంటారు. ఒక్కోవైపు రెండు ఫోటోలు, ఒకటి పైనుంచి, ఇంకోటి చంక వరకు ఏటవాలుగా. నొక్కి ఉంచేది కొన్ని సెకన్లే. కానీ ఆ కొన్ని సెకన్లు కళ్లల్లో నీళ్లు తిరిగాయి. చేసిన అమ్మాయి చిన్నదే, "అయిపోయిందమ్మా, అయిపోయింది" అంటూనే ఉంది. ఆ మాట ఎంత ఆసరాగా ఉందో. బిల్లు 1,800.

జనవరి 23న రిపోర్టు కోసం ఫోను చేశాను. బైరాడ్స్ అంటే ఫోటోలు చూసిన డాక్టరు రిపోర్టులో వేసే అంకె. కౌంటర్లో ఉన్నతను చదివి, "బైరాడ్స్ సున్నా అని ఉందండి. సున్నా అంటే ఏమీ లేనట్టే" అన్నాడు. ఆ మాటకి మా ఇంట్లో ఆ సాయంత్రం పాయసం వండాను. మా అత్త దేవుడి దగ్గర దీపం పెట్టింది. కాగితం బస్సులో వచ్చే తెలిసినాయన చేత తెప్పించుకుని బీరువాలో పెట్టేశాను. అంతా ఇంగ్లీషు. గిడుగు రామమూర్తి పంతులుగారు పాఠాలు చెప్పి, జనం మాట్లాడే తెలుగులోనే రాయాలని పోరాడిన ఊరు మాది. ఆ ఊరి ఆడదాని ఒంటి సంగతి ఆమెకి అర్థమయ్యేలా ఒక్క ముక్క ఆ కాగితం మీద లేదు. ఇది నన్ను ఇప్పటికీ బాధపెడుతుంది.

మాఘమాసం ముహూర్తాలు. రాత్రి పదకొండు దాకా కుట్టాను. రథసప్తమికి అరసవిల్లి వెళ్లి సూర్యనారాయణమూర్తికి దణ్ణం పెట్టుకొచ్చాను, గండం గడిచిందని. ఫిబ్రవరి 6న నెలసరి సరిగ్గా రావట్లేదని మా ఊళ్లోనే డాక్టరమ్మ దగ్గరికి వెళ్తూ, పాత కాగితాలన్నీ ఉన్న సంచిలో ఇదీ పట్టుకెళ్లాను. ఆవిడ తిరగేస్తూ తిరగేస్తూ ఆ కాగితం దగ్గర ఆగింది.

"దీనికి మళ్లీ వెళ్లావా?"

"సున్నా అన్నారు కదమ్మా, ఏమీ లేదని."

"ఏమీ లేకపోతే ఒకటి వేస్తారు. సున్నా అంటే ఈ ఫోటోలు చాలవు, ఇంకా చూసి చెప్పాలి అని."

పద్నాలుగు రోజులు. నేను పాయసం వండుకున్న పద్నాలుగు రోజులు. ఆవిడ కాగితం మీద వేలు పెట్టి చదివి చెప్పింది. నా రొమ్ము కణజాలం దట్టంగా ఉందట, సి రకమట. మామోగ్రామ్‌లో ఆ దట్టం తెల్లగానే కనబడుతుంది, గడ్డా తెల్లగానే కనబడుతుంది. తెలుపులో తెలుపు దాక్కుంటుంది. ఎడమవైపు ఏవో సన్నటి చుక్కలున్నట్టు అనుమానం రాశారు. విశాఖలో త్రీడీ మామోగ్రామ్ ఉంది, టోమోసింథసిస్ అంటారు, నెలసరి అవగానే వెళ్లు, పాత ఫోటోల సీడీ తప్పకుండా పట్టుకెళ్లు అంది. సీడీ నాకివ్వలేదు. మళ్లీ శ్రీకాకుళం మనిషిని పంపి, 300 కట్టి తెప్పించాను. మొదటి రోజే అడిగి తీసుకోండి.

ఫిబ్రవరి 12న తెల్లవారుజామున బయల్దేరి విశాఖ చేరేసరికి పది దాటింది. మా అమ్మాయి గాజువాకలో గది తీసుకుని ఉద్యోగం చేస్తోంది, అది ఆసుపత్రి దగ్గర కలిసింది. ఇక్కడ మొదట అడిగిన ప్రశ్న, "పౌడరు గాని, సెంటు గాని రాసుకున్నారా?" రాసుకున్నాను. పొద్దున్నే స్నానం చేసి మెడకీ చంకలకీ పౌడరు అద్దుకోవడం నాకు చిన్నప్పటి అలవాటు. పౌడరు రేణువులు ఫోటోలో, రొమ్ము లోపల పేరుకునే సున్నపు (కాల్షియం) చుక్కల్లా కనబడొచ్చంటూ ఫోటో తీసే అమ్మాయి తడిగుడ్డతో శుభ్రంగా తుడిచింది. ఆ క్షణాన నాకెంత ఆశ పుట్టిందో చెప్పలేను. శ్రీకాకుళం వెళ్లినరోజూ పౌడరు రాసుకున్నాను కదా, ఆ చుక్కలు పౌడరువేనేమో! మిషను కింద నిలబడ్డంతసేపూ అదే జపం.

త్రీడీ మిషను చూడ్డానికి మొదటిదానిలాగే ఉంది, నొక్కడమూ ఉంది. తేడా ఏమిటంటే నొక్కి ఉంచాక పైనున్న తల వంపుగా ఒక పక్కనుంచి ఇంకో పక్కకి కదులుతూ ఫోటోలు తీస్తుంది. ఇంకొన్ని సెకన్లు ఎక్కువ ఓర్చుకోవాలి. నెలసరి అయిన వారం కావడంతో నాకీసారి నొప్పి సగమే అనిపించింది. తర్వాత ఎడమవైపు మాత్రం ఒక ఎత్తుపీట లాంటిది బిగించి, చిన్న పలకతో ఒకేచోట నొక్కి పెద్దది చేసి తీశారు. ఇది ముందువాటికంటే నొప్పి. ఆపైన అల్ట్రాసౌండు. అన్నీ కలిపి 5,200.

మధ్యాహ్నం మూడింటికి ఫోటోలు చూసే డాక్టరమ్మ నన్నూ అమ్మాయినీ లోపలికి పిలిచి తెర మీదే చూపించింది. చక్రం తిప్పుతుంటే నా రొమ్ము పొర తర్వాత పొర వెళ్తోంది. ఒక్కో పొర ఒక మిల్లీమీటరట. నాకు వెంటనే అర్థమైంది. మడతపెట్టిన తాను మొత్తం వెలుతురుకి ఎత్తిపట్టి చూస్తే నేతలో తప్పు కనబడదు. మడత విప్పి, విప్పి, ఒక్కో పొరా చూస్తే అప్పుడు తెగిన పోగు దొరుకుతుంది. మొదటి ఫోటో ఎత్తిపట్టిన తాను, ఇది విప్పి చూసిన తాను. నేనలా అంటే ఆవిడ నవ్వి, "ఇకమీద నేనూ ఇలాగే చెప్తానమ్మా" అంది.

ఆ తర్వాత ఆవిడ చక్రం ఆపింది. పెద్దది చేసి తీసిన ఫోటోలో ఒకచోట తెల్లటి చుక్కలు. బొంబాయి రవ్వ పలుకు కంటే ఎంతో చిన్నవి. ఒకటి గుండ్రం, ఒకటి కోల, ఒకటి విరిగిన సూదిమొనలా. ఒకే మూలకి గుంపు కట్టి ఉన్నాయి. "పౌడరు కాదా అమ్మా?" అని అడిగేశాను. ఆవిడ నవ్వలేదు. "తుడిచి తీశాం కదా. ఇవి లోపలున్నాయి" అంది. అల్ట్రాసౌండులో ఏమీ కనబడలేదు. ఇంత సన్నటి సున్నపు చుక్కలు దాంట్లో చాలాసార్లు కనబడవట, అందుకే అది బాగుందని వదిలెయ్యకూడదట. రిపోర్టులో బైరాడ్స్ 4బి. అంటే ముక్క తీసి పరీక్ష చెయ్యాల్సిందే. కేన్సరయ్యే అవకాశం వందకి పదికీ యాభైకీ మధ్య. ఆ మాట పట్టుకుని తిరుగు బస్సులో పర్లాకిమిడి దాకా లెక్కలు వేసుకుంటూనే ఉన్నాను. పదా, యాభయ్యా?

ఇంట్లో మా అత్త ఒకటే మాట, "వీధిలో ఎవరికీ చెప్పకు. మనకి ఇంకా పెళ్లికాని పిల్లుంది." ఆవిడ మీద కోపం రాలేదు. జాకెట్లో దూది పెట్టించుకున్నామె కూడా ఇలాగే ఆగింది కదా అనిపించి భయమేసింది. మా ఆయన ఏమీ అనలేదు. మర్నాడు వెళ్లి మేం వేస్తున్న చీటీ పాడుకొచ్చాడు.

ఫిబ్రవరి 19, బయాప్సీ. గడ్డ లేదు, చేతికి తగలదు, అల్ట్రాసౌండుకి కనబడదు, కాబట్టి మామోగ్రామ్ చూస్తూనే సూది వెయ్యాలి. వాక్యూమ్ బయాప్సీ అన్నారు. ఆస్ప్రిన్ గాని, రక్తం పల్చబడే మందులు గాని వాడుతున్నానేమో ముందే అడిగారు. ఎత్తయిన బల్ల, మధ్యలో రంధ్రం. బోర్లా పడుకుంటే రొమ్ము ఆ రంధ్రంలోంచి కిందికి వేలాడుతుంది. బల్లని పైకి లేపి, డాక్టరు కింద కూర్చుని పనిచేస్తారు. మెడ ఒకే పక్కకి తిప్పి నలభై నిమిషాలు కదలకుండా ఉండాలి. నాకు సూది కంటే మెడే ఎక్కువ బాధపెట్టింది. ముందే చెప్తే మెడ కింద మెత్తటి గుడ్డ సర్దుతారు, అడగండి. రెండు కోణాల్లో ఫోటో తీసి, కంప్యూటరు లోతు లెక్కకట్టింది. మత్తు ఇంజెక్షను పంటి డాక్టరు ఇచ్చేదానిలాగే మండింది, ఆపైన నొప్పి లేదు, ఒత్తిడే. మిషను లాగుతున్నప్పుడు చప్పుడు వినబడింది. నా కుట్టుమిషను మోటారు పెడల్ మీద కాలు మెల్లిగా ఆనిస్తే వచ్చే చప్పుడు లాంటిది. రోజూ వినే చప్పుడే అనుకుని కళ్లు మూసుకున్నాను.

పన్నెండు ముక్కలు తీశారు. చిన్న వానపాముల్లా సన్నగా, పొట్టిగా ఉన్నాయి. వాటిని అక్కడికక్కడే మళ్లీ ఎక్స్‌రే తీసి, చుక్కలు ముక్కల్లోకి వచ్చాయో లేదో చూశారు. వచ్చాయి. తీసినచోట నువ్వుగింజంత టైటానియం క్లిప్పు వదిలారు, రేపు మళ్లీ ఆ చోటు వెతుక్కోవాలంటే గుర్తు ఉండాలని. మేం బట్ట మీద సుద్దతో గుర్తు పెట్టుకోమూ, అలాగ. నర్సు పావుగంట అదిమి పట్టుకుంది. ఐసు సంచీ పెట్టింది. కుట్లు లేవు. బిల్లు చూసి మా అమ్మాయి మొహం పాలిపోయింది: 34,000. అందులో సగానికి పైగా ఆ ఒక్కసారి వాడి పారేసే సూదిదే. ల్యాబుకి 2,800 వేరే. ఎన్టీఆర్ వైద్యసేవ (పాత ఆరోగ్యశ్రీ) కౌంటరు దగ్గరికి వెళ్తే, ఆంధ్ర కార్డు ఉన్నవాళ్లకే అన్నారు. మా మాట తెలుగు, మా కార్డు ఒడిశా. సరిహద్దు మీద ఉన్నవాళ్లు బయల్దేరే ముందే మీ కార్డు ఆ ఆసుపత్రిలో చెల్లుతుందో లేదో, చెల్లితే పరీక్షలకి కూడానా, పడుకోబెట్టే వైద్యానికేనా, రెండూ ఫోనులో అడగండి.

రెండు రోజులు బరువు ఎత్తొద్దన్నారు. నేను నాలుగు రోజులు మిషను జోలికి పోలేదు. ఎడమచెయ్యి బట్ట నెడుతుంటే లాగుతోంది. కమిలిన చోటు నేరేడుపండు రంగు నుంచి పసుపు రంగుకి దిగడానికి రెండు వారాలు పట్టింది.

అయిదు పనిరోజుల్లో రిపోర్టన్నారు. మధ్యలో 26న శివరాత్రి వచ్చింది. మా వైపు జనం మహేంద్రగిరి ఎక్కుతారు. మా వీధి కుర్రాళ్లు రాత్రే వేన్లలో బయల్దేరారు. నేను ఇంట్లోనే ఉపవాసం, జాగరణ. నిద్ర ఎలాగూ లేదు. ఈ మొత్తం కథలో నాకు నొక్కుడు కాదు, సూది కాదు, ఈ తొమ్మిది రోజులే కష్టం. ఫోను మోగితే చెయ్యి వణికేది. ఒక పెళ్లికూతురి జాకెట్టుకి చెయ్యి తప్పుగా అతికి, విప్పి మళ్లీ కుట్టాను. ఇరవై రెండేళ్లలో అలా ఎప్పుడూ జరగలేదు.

ఫిబ్రవరి 28. సర్జను గదిలో నేను, మా ఆయన, అమ్మాయి. డాక్టరు కాగితం తిప్పి మా వైపు పెట్టాడు. "కేన్సరేనమ్మా. కానీ స్టేజి సున్నా."

ఆ మాటకి నా నోట్లోంచి వచ్చింది ఇదీ: "ఏ సున్నా సార్? ఏమీ లేదనా, ఇంకా చూడాలనా?"

ఆయనకి ముందు అర్థం కాలేదు. అమ్మాయి శ్రీకాకుళం సంగతి చెప్పింది. ఆయన పెన్ను తీసి కాగితం మీద ఒక గొట్టం గీశాడు. ఇది పాలు వచ్చే గొట్టం. కేన్సరు కణాలు దీని లోపల పుట్టాయి, గోడ ఇంకా దాటలేదు. డక్టల్ కార్సినోమా ఇన్ సిటూ, డీసీఐఎస్. గోడ దాటితే అప్పుడు ఒకటి, రెండు అని లెక్క మొదలవుతుంది. "చేతికి తగిలేదాకా ఆగి ఉంటే ఈ సున్నా ఉండకపోవచ్చు" అన్నాడు. మా ఆయన మొదటిసారి నోరు విప్పి, "రొమ్ము తీసెయ్యాలా సార్?" అన్నాడు. ఆ చోటు మాత్రం తీస్తే సరిపోవచ్చనీ, అది ఎంతమేర ఉందో ముందు చూడాలనీ అన్నాడు. హార్మోను పరీక్షకి అదే ముక్క మళ్లీ పంపారు, 4,000.

మార్చి 6న కాంట్రాస్టు మామోగ్రామ్. ఎమ్మారై అయినా చెయ్యొచ్చు, మాకు ఇది సూచించారు. ముందు క్రియాటినిన్ రక్తపరీక్ష, మూత్రపిండాలు బాగున్నాయో లేదో చూడ్డానికి. ఉబ్బసం ఉందా, ఇంతకుముందు ఏ ఇంజెక్షనైనా పడలేదా అని మళ్లీ మళ్లీ అడిగారు. చేతి నరంలోకి అయోడిన్ మందు ఎక్కిస్తే గొంతు నుంచి పొత్తికడుపు దాకా వేడి పాకింది. మూత్రం పడిపోయిందేమో అని భయపడ్డాను, పడలేదు. అలా అనిపిస్తుందని ఎవరూ ముందు చెప్పలేదు కాబట్టి మీకు చెప్తున్నాను. రెండు నిమిషాలు ఆగి, మామూలుగానే నొక్కి ఫోటోలు తీశారు. కొత్త రక్తనాళాలు ఎక్కువున్నచోట ఆ మందు చేరి వెలుగుతుందట. ఆ ఒక్క మూలే వెలిగింది, కుడివైపు ఏమీ లేదు. 7,000.

మార్చి 13, ఆపరేషను రోజు. పొద్దున్న ఏడింటికి మళ్లీ మామోగ్రామ్ గదే. పలక మధ్యలో కిటికీలాంటి ఖాళీ, అందులోంచి క్లిప్పు దగ్గరికి సన్నటి తీగ దించారు, ఎక్కడ కొయ్యాలో సర్జనుకి తెలియడానికి. తీగ చివర జాకెట్టు హుక్కులా వంపు ఉంది, జారిపోకుండా పట్టుకోవడానికి. బయట మిగిలిన తీగ మీద కప్పు పెట్టి ప్లాస్టరు వేసి, చక్రాల కుర్చీలో ఆపరేషను థియేటరుకి తీసుకెళ్లారు. ఆ పదిహేను నిమిషాలూ ఊపిరి కూడా జాగ్రత్తగా తీశాను. మత్తిచ్చాక నాకేమీ తెలియదు. తీసిన ముక్కని వెంటనే మామోగ్రామ్ గదికి పంపి, చుక్కలూ క్లిప్పూ అన్నీ అందులో వచ్చాయని అక్కడినుంచి ఫోను వచ్చాకే కుట్లు వేశారట. తర్వాత ఆ ఫోటో చూపించారు. అరచేతిలో పట్టే ముక్క, మధ్యలో తీగ, తీగ పక్కన నా చుక్కలు. 15న ఇంటికి పంపారు. 1,18,000. అక్కడిదాకా 1,73,000 పైన అయింది, దారి ఖర్చులూ లాడ్జీ కాకుండా.

మార్చి 24న చివరి రిపోర్టు. 11 మిల్లీమీటర్లు, అంచులు శుభ్రం, అంటే తీసిన ముక్క చివర్లలో కేన్సరు లేదు, గోడ ఎక్కడా దాటలేదు. కీమో అక్కర్లేదన్నారు. రేడియేషను పదిహేను సార్లు, ఏప్రిల్ 15 నుంచి మే మొదటివారం దాకా, అమ్మాయి గదిలోనే ఉండి వెళ్లొచ్చాను. చర్మం నల్లబడి దురద పెట్టింది. వదులు నూలు జాకెట్టు తప్ప ఏదీ వేసుకోలేకపోయాను. హార్మోను పనిని అడ్డుకునే టామాక్సిఫెన్ మాత్ర రోజుకొకటి, అయిదేళ్లు. మిగతా ఫోటోలు, సీడీలు, రిపోర్టులు తేదీల వరసలో ఒక ప్లాస్టిక్ ఫైల్లో పెట్టుకున్నాను. మళ్లీ మామోగ్రామ్‌కి ఇవన్నీ పట్టుకెళ్లాలి.

మే నెలాఖరుకి మిషను మూత తీశాను. నూనె వేసి, బాబిన్ తుడిచి, ముందు నాకోసం ఒక జాకెట్టు కత్తిరించుకున్నాను. కొలత తీసుకుంటే ఎడమవైపు పావంగుళం తగ్గింది. ఆ వైపు టక్కు కొంచెం లోతుగా తీశాను. వేసుకుని అద్దంలో చూసుకుంటుంటే కార్తీకమాసంలో వచ్చినామె గుమ్మంలో నిలబడింది, చేతిలో ఇంకో రెండు జాకెట్లు. చాలాసేపు చూసి, దగ్గరికొచ్చి, టక్కు మీద వేలు పెట్టింది.

"నీకూనా అప్పా?"

తలుపు వేసి, ఇద్దరం కింద చాప మీద కూర్చున్నాం.